నలభై రోజుల తర్వాత: తల్లినో తండ్రినో పోగొట్టుకున్న ఇంటి పట్ల మన బాధ్యత

జూన్ నెలలో బడి తెరిచిన మొదటి వారం మాకు కాగితాల పని ఎక్కువగా ఉంటుంది. కొత్త ప్రవేశాలు, టీసీలు, స్కాలర్‌షిప్ ఫారాలు. కొన్నేళ్ల కింద అలాంటి ఒక రోజున ఏడో తరగతి పిల్లవాడు ఒకడు ఫారం పట్టుకుని మా టేబుల్ దగ్గర నిలబడ్డాడు. అన్నీ నింపాడు గానీ తండ్రి పేరు రాసే చోటు ఖాళీగా ఉంది. "పేరు రాయలేదేం బేటా?" అని అడిగాం. "సార్, అబ్బా పేరు ముందర మర్హూమ్ అని రాయాల్నా, వద్దా?" అన్నాడు.

ఆ పిల్లవాని తండ్రి గల్ఫ్‌లో కూలి పనికి పోయినవాడు. ఆ ఎండాకాలం సెలవుల్లోనే పెట్టెలో తిరిగొచ్చాడు. మేము "వట్టి పేరు రాయి చాలు" అని చెప్పి పంపాం. ఆఫీసు పనికి ఆ జవాబు సరిపోయింది. కానీ వాడి మనసులో ఉన్న ప్రశ్న వేరే ఉందని మాకు చాలా రోజులకు గాని తెలియలేదు. ఆ సంవత్సరం అర్ధ సంవత్సర పరీక్షల దాకా వాడు తరగతిలో నోరు విప్పి ఒక్క ప్రశ్నకు కూడా జవాబు చెప్పలేదు.

నందిపేట్, ఆర్మూర్, బోధన్ వైపు ముప్పై ఏళ్లకు దగ్గరగా పాఠాలు చెప్పిన మాకు ఇలాంటి పిల్లలు ప్రతి ఏడూ కనిపిస్తూనే ఉన్నారు. మన సంస్థలు జనాజా ఖర్చులకు, కఫన్‌కు, రంజాన్‌లో రేషన్‌కు వెనుకాడకుండా ఇస్తున్నాయి. అల్లాహ్ దాతల సంపాదనలో బర్కత్ ఇవ్వాలి. అయితే తల్లినో తండ్రినో పోగొట్టుకున్న ఇంట్లో దుఃఖం ఎట్లా నడుస్తుంది, ఏ నెలలో ఏ అవసరం వస్తుంది అన్నది తెలిస్తే అదే రూపాయి ఇంకా బాగా పనిచేస్తుంది. ఆ ఉద్దేశంతోనే ఈ నాలుగు మాటలు.

దీన్ ఏం నేర్పింది

మన ఇళ్లల్లో ఎవరైనా పోతే వచ్చినవాళ్లు మొదట చెప్పే మాట "సబర్ చెయ్యండి, ఏడవకండి" అని. సబర్ అంటే కన్నీళ్లు ఆపుకోవడం అని చాలామంది అనుకుంటారు. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) జీవితం చూస్తే అట్లా లేదు. ఆయన పుట్టకముందే తండ్రి అబ్దుల్లాహ్ చనిపోయారు. ఆరేళ్ల వయసులో మక్కా, మదీనాల మధ్య అబ్వా అనే చోట తల్లి ఆమినా చనిపోయారు. ఎనిమిదేళ్లకు తాత అబ్దుల్ ముత్తలిబ్ పోయారు. ఎన్నో ఏళ్ల తర్వాత, పెద్దవారయ్యాక తల్లి సమాధి దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన ఏడ్చారని, ఆయనను చూసి చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఏడ్చారని హదీసు గ్రంథాల్లో ఉంది. తల్లి పోయిన దుఃఖం యాభై ఏళ్లకు కూడా మనిషిలో ఉంటుందనడానికి, అది ఈమాన్‌కు లోటు కాదనడానికి ఇంతకన్నా ఆధారం అక్కరలేదు. వారించింది గుండెలు బాదుకోవడం, బట్టలు చింపుకోవడం, అల్లాహ్ తీర్పును నిందించడం. కన్నీటిని ఎవరూ వారించలేదు.

ఇక్కడ ఒక సంఘటన దాతలకు ప్రత్యేకంగా గుర్తు చేయాలనుకుంటున్నాం. హిజ్రీ 8వ సంవత్సరంలో, అంటే క్రీస్తుశకం 629లో, మూతా యుద్ధంలో జాఫర్ బిన్ అబీ తాలిబ్ షహీద్ అయ్యారు. కబురు మదీనాకు చేరగానే ప్రవక్త (సఅసం) చేసిన మొదటి ఏర్పాటు, జాఫర్ ఇంటివాళ్లకు అన్నం వండి పంపమని చెప్పడం. వాళ్లు దుఃఖంలో ఉన్నారు, వండుకునే స్థితిలో లేరు అన్నది కారణం. తర్వాత మూడు రోజులు ఆ ఇంటివాళ్లను దుఃఖించనిచ్చారు. ఆ తర్వాత స్వయంగా ఇంటికి వెళ్లి పిల్లలను పిలిపించారు. మంగలిని రప్పించి వాళ్ల తలలు గొరిగించారు. తల్లి అస్మా బిన్తె ఉమైస్ పిల్లలు యతీములయ్యారని బాధ చెప్పుకుంటే, వీళ్లకు పేదరికం వస్తుందని భయపడకు, వీళ్ల బాధ్యత నాది అన్న అర్థం వచ్చేలా ధైర్యం చెప్పారు.

ఈ సంఘటనలో వరుస చూడండి. మొదట అన్నం. తర్వాత ఏడ్చుకోవడానికి సమయం. తర్వాత పిల్లలను పేరుపేరునా దగ్గరికి తీసుకోవడం, వాళ్ల ఒంటిని, తలను పట్టించుకోవడం. చివరకు ముందు ముందు పోషణ ఎవరిది అన్న ప్రశ్నకు తల్లికి సూటిగా జవాబు. ఈ రోజు ఏ సంస్థ అయినా ఒక కుటుంబానికి సాయం చేయాలంటే ఈ వరుస చాలు.

మనం చేస్తున్నది చాలాసార్లు దీనికి తలకిందులుగా ఉంది. మూడో రోజు జియారత్, పదో రోజు, ఇరవయ్యో రోజు, చహెల్లుం అని పోయినవాళ్ల ఇంటివాళ్లే వండి వచ్చినవాళ్లకు పెడుతున్నారు. ఈ ఆచారాల మీద ఉలమాల మధ్య ఉన్న చర్చలోకి మేము పోము, అది మా స్థాయి కాదు. ఒక్క మాట మాత్రం బడి పంతులుగా చెప్పగలం. చహెల్లుం బిర్యానీకి తెచ్చిన అప్పు జూన్ నెలలో పిల్లల నోటు పుస్తకాల దగ్గర బయటపడుతుంది. నలభయ్యో రోజు ఇంటి నిండా జనం, నలభై ఒకటో రోజు ఎవరూ ఉండరు. అసలు దుఃఖం అప్పుడు మొదలవుతుంది.

దుఃఖం మెట్లు ఎక్కినట్టు ఉండదు

మేము బీ.ఎడ్. చదివిన రోజుల్లో దుఃఖానికి ఐదు దశలు ఉంటాయని విన్నాం. నమ్మకపోవడం, కోపం, బేరం, కుంగుబాటు, ఒప్పుకోవడం. ఈ మాట ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ అనే డాక్టరు 1969లో రాసిన పుస్తకం నుంచి వచ్చింది. ఆమె ముఖ్యంగా మాట్లాడింది చావుకు దగ్గరైన రోగులతో. అయినా జనం దాన్ని వెనక మిగిలినవాళ్లందరికీ అంటగట్టారు. దాంతో "మూడు నెలలైంది కదా, ఇంకా ఈమె ఒప్పుకోలేదేం?" అని లెక్కలు వేయడం మొదలైంది.

ఆ తర్వాత వచ్చిన పరిశోధకులు ఇంకోలా చెప్పారు. నెదర్లాండ్స్‌కు చెందిన స్ట్రోబ్, షుట్ అనే ఇద్దరు 1999లో చెప్పిన విషయం మా అనుభవానికి బాగా దగ్గరగా ఉంది. దుఃఖంలో ఉన్న మనిషి రెండు పనుల మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఉంటాడు. ఒకటి పోయినవాళ్లను తలచుకుని ఏడవడం. రెండోది బతుకు నడుపుకోవడం, అంటే కరెంటు బిల్లు, రేషన్ కార్డు, పిల్లల ఫీజు. ఒకే రోజులో రెండూ ఉంటాయి. పొద్దున బీడీల చాట ముందర కూర్చుని పక్కింటివాళ్లతో నవ్విన తల్లి, మధ్యాహ్నం ఆయన లుంగీ ఉతకడానికి తీసి కూలబడిపోతుంది. నవ్వింది కాబట్టి మరిచిపోయిందని కాదు, ఏడ్చింది కాబట్టి వెనక్కి పోయిందని కాదు. అట్లా అటూ ఇటూ తిరగడమే ఆరోగ్యం.

ఇంకో సంగతి. పాతకాలంలో పోయినవాళ్లను మనసులోంచి వదిలేయాలి అనేవారు. ఇప్పుడు నిపుణులు బంధం తెగదు, రూపం మారుతుంది అంటున్నారు. మనకు ఇది కొత్త కాదు. మనిషి పోయాక కూడా అతనికి పుణ్యం చేరేవి మూడు అని మనం చిన్నప్పటి నుంచి విన్నాం. సదఖయె జారియా, పనికొచ్చే ఇల్మ్, దుఆ చేసే మంచి సంతానం. పిల్లవానికి "నీ అబ్బా కోసం నువ్వు ఇంకా చేయగలిగింది ఉంది" అని చెప్పగల దీన్ మనది. సాద్ బిన్ ఉబాదా తల్లి పోయినప్పుడు ఆయన ఊళ్లో లేరు. తిరిగొచ్చాక, ఆమె పేరున సదఖా ఇస్తే ఆమెకు అందుతుందా అని ప్రవక్త (సఅసం)ను అడిగి, అందుతుందని విని తన తోటను సదఖా చేశారు. చివరి గడియలో పక్కన లేని కొడుకు బాధకు అది ఒక దారి అయింది.

దూరాన ఉన్న కొడుకు, దూరాన పోయిన తండ్రి

ఆ సాద్ బాధ మన జిల్లాలో ఇంటింటి బాధ. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి ఎన్నో ఏళ్లుగా మనవాళ్లు దుబాయి, సౌదీ, మస్కట్, కువైట్ పోతున్నారు. అక్కడ ఉండగా ఇక్కడ అమ్మీ పోతే సెలవు దొరకదు, టికెట్ దొరకదు. మయ్యత్‌ను ఎక్కువసేపు ఉంచకూడదు కాబట్టి వచ్చేదాకా ఆగలేరు. ఎవరో ఫోన్ పట్టుకుంటే వీడియో కాల్‌లో తల్లి ముఖం చూసి, డ్యూటీకి పోయినవాళ్లు ఉన్నారు. మనిషి ఎదుట లేకుండా జనాజా నమాజు చదవడం షాఫయీ మజ్హబ్‌లో ఉంది, హనఫీలో లేదు. అది మీ ఇమాం సాబ్‌ను అడగండి. దుఆ, సదఖాలకు మాత్రం దూరం అడ్డం రాదు. అట్లాంటి కొడుకు రెండేళ్లకు సెలవు మీద వచ్చినప్పుడు ఊరంతా పెళ్లిళ్ల మాట, ఇంటి స్లాబు మాట ఎత్తుతుంది. అతనికి మాత్రం అమ్మీ పోయింది ఆ రోజే. ఖబరస్తాన్‌కు అతనితో ఒకరు తోడు పోవాలి. ఆమె చివరి రోజులు ఎట్లా గడిచాయో కూర్చోబెట్టి చెప్పాలి. ఇది పైసా ఖర్చు లేని సాయం.

తండ్రి అక్కడ పోతే బాధ మరోలా ఉంటుంది. చావు కబురు ఒక రోజు, మయ్యత్ ఎన్నో రోజులకు. ఈ మధ్యలో కాగితాలు, కంపెనీ, ఎంబసీ. పిల్లలకు ఎవరూ ఏమీ చెప్పరు. "అబ్బాకు జ్వరం వచ్చింది" అంటారు. శంషాబాద్ విమానాశ్రయం నుంచి అంబులెన్సు వచ్చి వాకిట్లో ఆగినప్పుడు గాని పిల్లవానికి తెలియదు. కొన్నిసార్లు పెట్టె తెరవనివ్వరు. అప్పుడు పిల్లవాని మనసులో "అది అబ్బా కాదేమో" అనే అనుమానం మిగిలిపోతుంది. మర్హూమ్ అని రాయాలా వద్దా అన్న ప్రశ్న అక్కడి నుంచే వచ్చింది.

పిల్లలకు ఏం చెప్పాలి

చిన్న పిల్లలు, అంటే ఐదేళ్లలోపు వాళ్లు, చావు అంటే మళ్లీ తిరిగిరావడం ఉండదని గ్రహించలేరు. "అబ్బా ఎప్పుడొస్తడు?" అని రోజూ అడుగుతారు. రోజూ అదే జవాబు ఓపికగా చెప్పాలి. ఆరు నుంచి పదేళ్ల మధ్య పిల్లలకు అది తెలియడం మొదలవుతుంది గానీ, తాము చేసిన తప్పు వల్లే ఇట్లా అయిందేమో అని లోలోపల భయపడతారు. "నేను సైకిల్ కావాలని ఏడ్చిన, అందుకే అబ్బా ఎక్కువ పని చేసి పోయిండు" అని మూడో తరగతి అమ్మాయి ఒకతె మాతో అంది. పెద్ద పిల్లలకు అన్నీ తెలుసు. వాళ్లు ఏడవరు, కోపం చూపిస్తారు, లేదా ఒక్కసారిగా ఇంటి పెద్ద అయిపోతారు.

మేము నేర్చుకున్న కొన్ని జాగ్రత్తలు ఇవి.

"నిద్రపోయాడు" అని చెప్పవద్దు. పిల్లలు నిద్రకు భయపడతారు. "ఊరికి పోయిండు" అనవద్దు. ఎవరు ఊరికి బయలుదేరినా వణుకుతారు. "మంచివాళ్లను అల్లాహ్ తొందరగా తీసుకుంటాడు" అనే మాట కూడా పిల్లల చెవికి వేరేగా వినిపిస్తుంది. "చనిపోయారు. ఒళ్లు ఇక పనిచేయదు, నొప్పి ఉండదు. మనమందరం అల్లాహ్ వద్దకే పోయేవాళ్లం. నీ తప్పు ఏమీ లేదు. నీకు అన్నం పెట్టేది, బడికి పంపేది ఫలానా వాళ్లు" అని సులువు మాటల్లో చెప్పాలి.

పిల్లలు కాసేపు ఏడ్చి వెంటనే ఆడుకోవడానికి పోతారు. దాన్ని చూసి "వీడికి బాధే లేదు" అనుకోవద్దు. వాళ్ల చిన్న గుండె మోయగలిగినంత మోసి దించుకుంటుంది. మళ్లీ ఎత్తుకుంటుంది.

పదకొండేళ్ల కొడుకుతో "ఇక నువ్వే ఇంటికి మగదిక్కు" అని ఎవరూ అనవద్దు. మా దగ్గర బడి మానేసిన పిల్లల్లో కొందరు ఆ ఒక్క మాట మోసి మెకానిక్ షెడ్డుకు పోయినవాళ్లే.

బడిలో కనిపించే గుర్తులు: కడుపునొప్పి, తలనొప్పి, పక్క తడపడం, మార్కులు పడిపోవడం, చిన్నదానికి కొట్లాట. వీటిని క్రమశిక్షణ సమస్యగా చూసి దండించడం తప్పు. మేము కూడా ఆ తప్పు చేసినవాళ్లమే.

తల్లి పోయిన పిల్లలు మన జాబితాలో ఉన్నారా?

షరీఅత్ పరిభాషలో యతీం అంటే బాలిగ్ కాకముందే తండ్రిని పోగొట్టుకున్న బిడ్డ. పోషణ భారం తండ్రిది కాబట్టి ఆ నిర్వచనం సరైనదే. అయితే చాలా చోట్ల సాయం ఫారాలు కూడా దాన్నే పట్టుకుని "తండ్రి మరణ ధ్రువీకరణ పత్రం" ఒక్కటే అడుగుతాయి. మన వైపు ఎన్నో ఇళ్లు తల్లి చుట్టే బీడీల మీద నడుస్తున్నాయి. తల్లి పోతే ఇంటి రాబడి పోతుంది, వంట పోతుంది, ఆడపిల్ల చదువు పోతుంది. పెద్ద కూతురు తమ్ముళ్లకు అమ్మ అయిపోతుంది. ఎనిమిదో తరగతి హాజరు పట్టీలో ఆమె పేరు ఎదురుగా సున్నాలు పడటం మొదలవుతుంది. యతీంల పద్దులోంచి ఇవ్వడానికి వీలు లేకపోతే సదఖా పద్దులోంచి, లిల్లాహ్ పద్దులోంచి ఇవ్వవచ్చు. ఆ ఇల్లు పేదదైతే జకాత్ కూడా పేదరికం కారణంగా వర్తించే వీలుంటుంది. ముఫ్తీ సాబ్‌ను అడిగి ఈ ఒక్క మార్పు చేసుకుంటే ఎందరో ఆడపిల్లలు బడిలో మిగులుతారు.

వయసైన తల్లిదండ్రులు పోయినప్పుడు

పెద్దవాళ్ల దుఃఖం సంగతి కూడా ఒక మాట చెప్పాలి. మా అమ్మీ ఎనభై దాటి పోయింది. చివరి రెండేళ్లు మంచం మీదే. అందరూ "అదృష్టవంతురాలు, బాధ నుంచి బయటపడింది" అన్నారు. నిజమే. కానీ తెల్లవారుజామున మాత్ర వేయడానికి లేచే అలవాటు ఆరు నెలల దాకా మమ్మల్ని వదల్లేదు. లేచి, గ్లాసులో నీళ్లు పోసుకుని, ఎవరికి ఇవ్వాలో తెలియక మేమే తాగేవాళ్లం. ఇంకో ఆసుపత్రికి తీసుకుపోయి ఉంటే, ఆ రోజు విసుక్కోకుండా ఉంటే అన్న మాటలు రాత్రిళ్లు తిరుగుతూనే ఉండేవి. యాభై ఏళ్ల మనిషి అమ్మ కోసం ఏడిస్తే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. ఫజర్ తర్వాత మసీదు మెట్ల మీద ఒక పెద్దాయన "మీ అమ్మీ చేతి వంటలో ఏది బాగుండేది?" అని అడిగారు. మాకు అప్పుడు మనసు తేలికైంది. పరామర్శకు పోయినవాళ్లు సలహాలు చెప్పనక్కరలేదు. పోయినవాళ్ల గురించి ఒక ప్రశ్న అడిగి వింటే చాలు.

కాగితాలు, అప్పులు, వాటాలు

దుఃఖాన్ని పాడుచేసేవి ముఖ్యంగా రెండు. ఒకటి అప్పు, రెండు వాటాల తగాదా. షరీఅత్‌లో వరుస స్పష్టంగా ఉంది. పోయినవాళ్ల సొమ్ములోంచి మొదట కఫన్, దఫన్ ఖర్చులు. తర్వాత అప్పులు. తర్వాత మూడో వంతుకు మించని వసీయత్. మిగిలింది వారసులకు. పిల్లలు ఉన్న భర్త పోతే భార్యకు ఎనిమిదో వంతు. కూతుళ్లకూ వాటా ఉంది, అది ఇచ్చేవాళ్ల దయ కాదు. యతీంల సొమ్ము తినడం గురించి ఖుర్ఆన్‌లో అన్నిసా సూరా ఎంత కఠినంగా హెచ్చరించిందో అందరికీ తెలుసు. జమాఅత్ పెద్దలు మొదటి నెలలోనే మర్యాదగా కూర్చోబెట్టి లెక్క రాయిస్తే అన్నదమ్ముల ముఖాలు చెడవు.

ఇద్దత్ సంగతి. భర్త పోయిన స్త్రీకి నాలుగు నెలల పది రోజులు, గర్భవతి అయితే ప్రసవం దాకా. ఈ సమయంలోనే బ్యాంకు, పంచాయతీ పనులు పడతాయి. తప్పనిసరి అవసరానికి పగటిపూట వెళ్లి రాత్రికి ఇంటికి చేరడానికి ఫుఖహా వీలు చెప్పారు. అయినా ఆమె తిరగకుండా సంస్థ తరఫున ఒకరు తిరిగితే అంతకన్నా మంచి సాయం లేదు. ఆ కార్యకర్త చేతిలో ఈ పట్టిక ఉండాలి.

మరణ నమోదు: 21 రోజుల లోపు గ్రామ పంచాయతీలో లేదా మున్సిపాలిటీలో. ఆ గడువు దాటితే ఆలస్య రుసుము, అనుమతులు, తిరుగుడు. విదేశంలో పోతే అక్కడి భారత ఎంబసీ నమోదు చేసి ఇచ్చిన పత్రం జాగ్రత్త చేయాలి.

పింఛను: ఆసరా కింద వితంతువులకు 2019 నుంచి నెలకు 2,016 రూపాయలు ఇస్తున్నారు.

రైతు బీమా: 18 నుంచి 59 ఏళ్ల మధ్య పట్టాదారు రైతు పోతే 5 లక్షలు. 2018 ఆగస్టులో మొదలైంది.

బ్యాంకు పాసు పుస్తకం: ఏడాదికి 436 రూపాయలు గాని, 20 రూపాయలు గాని కోత పడి ఉందేమో చూడాలి. మొదటిది జీవన జ్యోతి, రెండోది ప్రమాదానికి వర్తించే సురక్షా. ఒక్కోటి 2 లక్షలు. అడగకపోతే ఎవరూ పిలిచి ఇవ్వరు.

బీడీ కార్మికులు: పీఎఫ్ ఉన్న తల్లి పోతే పీఎఫ్ సొమ్ముతో పాటు పింఛను పథకం కింద ఒకేసారి ఇద్దరు పిల్లలకు 25 ఏళ్ల దాకా పింఛను వచ్చే వీలుంది. కార్ఖానాలో పీఎఫ్ నంబరు రాసుకోవాలి.

గల్ఫ్ మరణాలు: 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఇలాంటి కుటుంబాలకు 5 లక్షల సాయం ప్రకటించింది. జిల్లా కలెక్టరు కార్యాలయంలో దరఖాస్తు. ప్రవాసీ భారతీయ బీమా ఉంటే ప్రమాద మరణానికి మాత్రమే వర్తిస్తుంది. గుండెపోటుతో పోతే రాదు.

పిల్లలు: మిషన్ వాత్సల్య కింద వితంతువుల పిల్లలకు, బంధువుల దగ్గర పెరిగే అనాథలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో ఏడాది రాబడి 72,000, పట్టణాల్లో 96,000 మించకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగాలి. చదువుకు మైనారిటీ గురుకులాలు ఉన్నాయి. అయితే తండ్రి పోయిన నెలలోనే పిల్లవాడిని హాస్టల్‌లో వేయవద్దని మా మనవి. ఒకేసారి ఇల్లు కూడా పోయినట్టు వాళ్లకు అనిపిస్తుంది. ఒక విద్యా సంవత్సరం ఆగి, పిల్లవాడిని అడిగి పంపండి.

దాతలు చేయగలిగింది

ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వడం కంటే, ఒక కుటుంబానికి రెండేళ్ల క్యాలెండరు వేసుకోండి. మొదటి మూడు రోజులు ఇరుగుపొరుగు వంతులవారీగా అన్నం. మొదటి నెలలో పైన చెప్పిన కాగితాలు, అప్పుల లెక్క. ఇద్దత్ ముగిసిన రోజున ఆడవాళ్లు ఇద్దరు ఇంటికి పోయి పలకరించడం. ఆనాటికి జనం తగ్గి ఆమె ఒంటరిగా ఉంటుంది. జూన్‌లో పుస్తకాలు, బట్టలు. తండ్రి లేని మొదటి ఈద్ పొద్దున, ఆ కొడుకును ఈద్‌గాకు చేయి పట్టుకుని తీసుకుపోయే పెద్దమనిషి ఒకరు. ఏడాది తిరిగిన రోజున ఒక ఫోను. వీటిలో సగానికి డబ్బు అక్కరలేదు, గుర్తుపెట్టుకునే మనిషి కావాలి. ఇచ్చేటప్పుడు ఫొటోలు తీసి పంచవద్దు. తోటి పిల్లల ఫోన్లలో తన ఫొటో చూసి మరుసటి రోజు బడికి రాని పిల్లవాడిని మేము ఎరుగుదుం.

దుఃఖం మామూలే గానీ కొన్నిసార్లు డాక్టరు సాయం కావాలి. ఏడాది దాటినా పెద్దవాళ్లు, ఆరు నెలలు దాటినా పిల్లలు రోజువారీ పనులు చేసుకోలేనంతగా అందులోనే మునిగి ఉంటే దాన్ని వైద్యులు ఇప్పుడు ఒక సమస్యగా గుర్తిస్తున్నారు. అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలో 2022లో అది చేరింది. అన్నం నిద్ర మానేసినా, "నేనూ పోతా" అన్న మాట ఎత్తినా గడువు చూడకుండా వెంటనే కదలాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 పగలూ రాత్రీ ఉచితం. పిల్లల కోసం 1098. తావీజు కట్టించినవాళ్లు కూడా ఈ నంబరుకు ఫోను చేయవచ్చు, తప్పేమీ లేదు.

ఆ ఏడో తరగతి పిల్లవాని సంగతి చెప్పి ముగిస్తాం. పరీక్షలయ్యాక ఒక సాయంత్రం వాడిని ఆపి, "మీ అబ్బా ఏం పని చేసేవాడురా?" అని అడిగాం. "సెంట్రింగ్ సార్. దుబాయిల ఎంత ఎత్తు బిల్డింగులు కట్టిండో ఎరికేనా?" అని మొదలుపెట్టి, వాడు బడి గేటు మూసేదాకా ఆగలేదు. పదో తరగతి ఫారం నింపేటప్పుడు తండ్రి పేరు తానే రాశాడు. ముందర మర్హూమ్ అని పెట్టాడు. మమ్మల్ని అడగలేదు.

పోయిన మన తల్లిదండ్రులందరికీ అల్లాహ్ మగ్ఫిరత్ ప్రసాదించాలని, మిగిలిన పిల్లల తల మీద చేయి వేసే తౌఫీఖ్ మనకు ఇవ్వాలని దుఆ చేస్తున్నాం. ఆమీన్.